ఎంపీసీ చదివినా ఎంబీబీఎస్‌కు దారి ఉంది, కాగితాలు మాత్రం జాగ్రత్త

పదో తరగతి ఫలితాలు రాగానే ఎంపీసీనా, బైపీసీనా అని పదిహేనేళ్ల పిల్లలతో తేల్చి చెప్పించేస్తాం. బీటెక్‌లో చేరాక మనసు వైద్యం వైపు మళ్లినా, ఇక ఆ దారి మూసుకుపోయిందనే మన ఇళ్లలో ఇప్పటికీ నమ్ముతున్నారు. నిబంధనలు మారాయి. వాటి గురించి తెలియకే చాలామంది ఆగిపోతున్నారు.

ఓపెన్ స్కూల్‌లో చదివినవారికి, బయాలజీని అదనపు సబ్జెక్టుగా రాసినవారికి వైద్యవిద్యలో చోటు లేదని 2018లో అప్పటి వైద్య మండలి నిబంధన తెచ్చింది. అదే ఏడాది మే నెలలో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2023 నవంబరులో జాతీయ వైద్య కమిషనే స్పష్టత ఇచ్చింది: ఇంటర్ పాసయ్యాక గుర్తింపు ఉన్న బోర్డు నుంచి బయాలజీ అదనంగా పాసైతే నీట్ రాయవచ్చు. గరిష్ఠ వయోపరిమితిని 2022లోనే ఎత్తేశారు. చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండితే చాలు.

ఎక్కువమందికి అందుబాటులో ఉన్న మార్గం జాతీయ ఓపెన్ స్కూల్. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లిష్ పాసై ఉంటారు కాబట్టి సీనియర్ సెకండరీ బయాలజీ ఒక్కటే తీసుకోవచ్చు. దాని కోడ్ 314. ఇందులో 80 మార్కులు రాతపరీక్షకు, 20 ప్రాక్టికల్స్‌కు. పాస్ మార్కులు తక్కువే కదా అని కొందరు ప్రాక్టికల్స్‌కు వెళ్లకుండా వదిలేసి, ఆ సబ్జెక్టే పోగొట్టుకుంటారు. అక్టోబరు విడతను ఎంచుకోవడం మరో పొరపాటు. నీట్ సాధారణంగా మే నెలలో ఉంటుంది, కౌన్సెలింగ్ ఆ తర్వాత మొదలవుతుంది. ఏప్రిల్-మే విడతలో బయాలజీ రాస్తే అదే ఏడాది కౌన్సెలింగ్‌లో మెమో చూపించే వీలుంటుంది. అక్టోబరులో రాస్తే అది మరుసటి ఏడాదికే పనికొస్తుంది. ఇంటర్ మెమోలో, ఓపెన్ స్కూల్ సర్టిఫికెట్‌లో పేరు, పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో దరఖాస్తు రోజే సరిచూసుకోవాలి. ఆ తేడా సర్టిఫికెట్ల పరిశీలనలో బయటపడితే సరిదిద్దుకునే సమయం ఉండదు.

ఇప్పుడు ఇంటర్‌లో చేరుతున్న ఆంధ్రప్రదేశ్ విద్యార్థులకైతే పని తేలికైంది. అక్కడి బోర్డు 2025-26 నుంచి ఎంపీసీతో పాటు బయాలజీ కూడా చదివే వీలు కల్పించింది.

అర్హత తెచ్చుకున్నాక అసలు కష్టం మార్కుల దగ్గర మొదలవుతుంది. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో 90 ప్రశ్నలు, అంటే 360 మార్కులు, బయాలజీవే. ఫిజిక్స్‌లో బలంగా ఉన్న ఎంపీసీ విద్యార్థి దాని మీదే భరోసా పెట్టుకుంటాడు గానీ, ఫిజిక్స్ మొత్తం 180 మార్కులే. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది, కాబట్టి సగం గుర్తున్న బయాలజీ మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలను పటాలు, పట్టికలతో సహా మళ్లీ మళ్లీ చదవడం తప్ప వేరే ఉపాయం లేదు. బయాలజీని 50 నిమిషాల్లో ముగించగలిగితే, 180 నిమిషాల పరీక్షలో మిగతా రెండు సబ్జెక్టులకు 130 నిమిషాలు మిగులుతాయి. ఫిజిక్స్ బలం అక్కరకొచ్చేది అప్పుడే.

తెలంగాణ విద్యార్థులకు ఇంకో చిక్కుంది. 2024లో వచ్చిన జీవో 33 ప్రకారం, రాష్ట్ర కోటా సీట్లకు కావాల్సిన లోకల్ హోదాకు అర్హత పరీక్ష వరకు వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలోనే చదివి ఉండాలి. దీన్ని 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఇంటర్ కోసం వేరే రాష్ట్రానికి వెళ్లినవారికి ఈ నిబంధన పెద్ద దెబ్బ. తొమ్మిది నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు ముందే తెచ్చిపెట్టుకోవాలి, ఓపెన్ స్కూల్ కేంద్రాన్ని కూడా రాష్ట్రంలోనే ఎంచుకోవడం మంచిది.

బీటెక్ మధ్యలో ఉన్నవారు నీట్ ర్యాంకు చేతికి రాకముందే చదువు మానేయడం సరికాదు. 22 ఏళ్లకు చేరినా ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, ఆపై పీజీకి మూడేళ్లు పడుతుంది. ఎంబీబీఎస్ మొదటి ఏడాది పరీక్షలకు నాలుగు అవకాశాలే ఉంటాయి. ఇక్కడ సీటు రాక విదేశాలకు వెళ్లాలనుకునేవారికీ బయాలజీ మెమో, నీట్ అర్హత రెండూ తప్పనిసరి. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, దానితో పాటు ఏడాది ఇంటర్న్‌షిప్ కూడా అదే విదేశీ వైద్య సంస్థలో చేయాలి. ఏజెంటుకు డబ్బు కట్టే ముందే ఈ రెండు విషయాలూ ఆ విశ్వవిద్యాలయం నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి.