హాయిగా చదువుకోవచ్చు కదండీ!

మొన్న నాగోలులో ఒక గృహప్రవేశానికి వెళ్తే, భోజనాల దగ్గర పక్కన కూర్చున్న పెద్దాయన ఏం చేస్తుంటారని అడిగారు. లైబ్రరీలో పని అన్నాను. ఆయన పులిహోర ముద్ద నోటిదాకా తెచ్చి ఆపి, "అబ్బ, అదృష్టవంతులండీ! రోజంతా హాయిగా పుస్తకాలు చదువుకోవచ్చు" అన్నారు.

ఈ మాట ఎన్నోసారి విన్నానో లెక్కపెట్టడం మానేశాను. మిఠాయి కొట్టువాణ్ని చూసి 'రోజంతా మైసూర్‌పాక్ తినొచ్చు' అనుకునే వయసు ఏడేళ్లకే దాటిపోతుంది. లైబ్రరీవాణ్ని చూసి మాత్రం అరవై దాటినా అంటూనే ఉంటారు.

ఆయన్ని అని లాభం లేదు, నేనూ అలాగే అనుకుని చేరాను. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకునే రోజుల్లో, వీటి మధ్య బతికితే చాలు, జీతం లేకపోయినా ఫర్వాలేదు అనుకునేవాణ్ని. పైన తథాస్తు దేవతలు విన్నారు. ఔట్‌సోర్సింగ్‌లో తీసుకున్నారు.

రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాశారు. పుస్తకాలు ఉపయోగించడానికే అన్నది మొదటిది. పరీక్షలో అది రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఉద్యోగంలో మొదటి రోజు నా చేతికి వచ్చింది బీరువా తాళాల గుత్తి. పుస్తకం పోతే మా జీతంలో కోత. కాబట్టి మా దగ్గర పుస్తకం బయటికి రాకుండా చూసేవాడే సమర్థుడు.

ఒకరోజు ఓ పెద్దావిడ వచ్చి, "ఏదైనా మంచి నవల ఇవ్వు నాయనా" అంది. హాల్లో గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్లంతా తలలెత్తి చూశారు. అటెండరు అయితే లేచి నిలబడ్డాడు. గుత్తిలో పదకొండు తాళాలు తిప్పాం, పన్నెండోది పట్టింది గానీ బీరువా హ్యాండిల్ చేతికొచ్చింది. ఆవిడకి కుర్చీ వేసి టీ తెప్పించాం. చివరికి తలుపు ఊడబెరికి, తెలుగు సాహిత్యం నంబరు 894.827 అని వీపు మీద అతికించిన వరసలోంచి ఒకటి లాగితే అట్ట వచ్చింది, లోపల పొడి రాలింది. చిన్నప్పట్నుంచీ నన్ను పుస్తకాల పురుగు అనేవారు. అసలు దాన్ని ఆ రోజే చూశాను. మొదటి పేజీ నుంచి శుభం దాకా ఒక్క అక్షరం వదల్లేదు. దాని ముందు నేనెంత!

ఆవిడ టీ తాగి వెళ్లిపోయింది. ఆ పుస్తకానికి స్టాక్ వెరిఫికేషన్‌లో 'ఉంది' అని టిక్కు పెట్టాం. అట్ట ఉంది కదా.

మీ ఆస్తిపన్ను రసీదు ఒక్కసారి తీసి చూడండి. లైబ్రరీ సెస్సు అని ఉంటుంది, పన్నులో రూపాయికి 8 పైసలు. 1960 నాటి చట్టం. అది కట్టింది మీరు. ఆ డబ్బు లైబ్రరీలకు చేరలేదని, బకాయిలని పేపర్లో వార్త వస్తుంటే పేజీ తిప్పేసేదీ మీరే. చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లండి. పిల్లలు పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు, నీళ్ల సీసా వాళ్లే తెచ్చుకుంటారు, టిఫిన్ డబ్బా వాళ్లే తెచ్చుకుంటారు. నిజాం రోజుల్లో, 1901లో, తెలుగు పుస్తకానికి ఒక గూడు ఉండాలని రావిచెట్టు రంగారావు గారు సొంత ఇంట్లో చోటిస్తే శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. ఆయన ఏ సెస్సూ వసూలు చేయలేదు. మనం వసూలు చేసి మరీ చెదలకు పెడుతున్నాం. సిగ్గుండాలి!

ఇదంతా అక్కడే, విస్తరి ముందే అనేశాను. పెద్దాయన ఓపిగ్గా విన్నారు. పెరుగన్నం అయ్యాక నా వైపు వంగి, గొంతు తగ్గించి, "అది సరే గానీ, మా మనవడు గ్రూప్స్‌కి చదువుతున్నాడు. మీ దగ్గర ఫ్యాను కింద కుర్చీ ఏమైనా ఆపగలరా?" అన్నారు.

పొద్దున్నే కర్చీఫ్ వేసి ఉంచుతానన్నాను.