శాస్త్రోక్తమైన రొయ్య

అమెరికా సూపర్‌మార్కెట్లలో అమ్మే మన వెనామీ రొయ్యల సంచుల మీద తరచుగా బీఏపీ (బెస్ట్ ఆక్వాకల్చర్ ప్రాక్టీసెస్, అంటే మేలైన సాగు పద్ధతులు) అనే ముద్ర, దానితోపాటు ఒకటి నుంచి నాలుగు వరకు నక్షత్రపు చుక్కలు కనిపిస్తాయి. ప్రకృతికి కీడు చేయకుండా పెరిగిన రొయ్య ఇదని కొనేవారికి అభయమివ్వడం వాటి పని. అటువంటి పవిత్రమైన ముద్రను శంకించేవారు ఈమధ్య ఎక్కువయ్యారు కనుక, వారి కళ్లు తెరిపించడం నా ధర్మమనుకుంటున్నాను.

ప్రాసెసింగ్ ప్లాంటు ఒక్కటే అర్హత సాధిస్తే ఒక చుక్క; చెరువు, పిల్లల్ని పుట్టించే హేచరీ, మేత మిల్లు కూడా సాధిస్తే నాలుగు. అంటే ఒంటిచుక్క రొయ్య ఏ నీళ్లలో ఈదిందో, ఏం తిని పెరిగిందో ఆ చుక్క చెప్పదు గాని, దాని తల తీసి, ఒలిచి, గడ్డకట్టించిన భవనం మాత్రం నిక్షేపంగా ఉందని చెబుతుంది. పుట్టుక, పెంపకం ఎలాగున్నా అంత్యక్రియలు శాస్త్రోక్తంగా జరిగాయన్నమాట.

ఏఎస్‌సీ (ఆక్వాకల్చర్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్) అనే మరో ముద్రవారిది మరింత జాలిగుండె. మడ అడవిలో 1999 మే తర్వాత తవ్విన చెరువును వారు దగ్గరకు రానివ్వరు. ఏప్రిల్‌లోనే గొడ్డలి పట్టిన ముందుచూపు గలవారు మాత్రం కొంత మడను తిరిగి పెంచితే పునీతులవుతారు. ఇక ఐరోపా సమాఖ్య, యాంటీబయాటిక్ అవశేషాల కోసం మన చెరువు రొయ్యల సరుకులో సరిహద్దు దగ్గర పరీక్షించే వాటాను 2016లో 10 నుంచి 50 శాతానికి పెంచింది. ముద్రల మీద భక్తి పట్టలేకనే అయి ఉంటుంది.

తనిఖీ ఖర్చు ముద్ర కోరినవారే భరిస్తారు, కనుక మర్యాదలకు లోటుండదు. భీమవరం దగ్గర మా బంధువు చెరువుకు తనిఖీదారు వస్తారని వారం ముందే కబురొచ్చింది. షెడ్డుకు సున్నం పడింది, మేకుకు ధర చీటీ ఊడదీయని ఫస్ట్ ఎయిడ్ డబ్బా వేలాడింది, నాలుగు నెలల మేత రిజిస్టరు ఒక్క రాత్రిలో ఒకే పెన్నుతో పూర్తయింది. పేజీల మూలలకు కాస్త టీ మరక అంటిస్తే పాతదిలా ఉంటుందన్న సూక్ష్మం మా అత్తయ్యది. వచ్చినాయన కొబ్బరినీళ్లు తాగి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రేతో ఫొటో దిగి, ఆ పూట తూము మూసే ఉంది కాబట్టి, బయటికి వదిలే నీటి గడిలో టిక్కు పెట్టి వెళ్లారు. మూడోనాడు రొయ్యల పట్టుబడి. తూమెత్తితే చెరువు అడుగు నల్లటి బురదతో సహా డ్రెయిన్‌లోకి పోయింది.

ఆ డ్రెయిన్ గట్టున కాపురముండి, ఉప్పెక్కిన బోర్లు వదిలి నీళ్ల డబ్బాలు కొనుక్కునేవారికి ఏ సంస్థా ముద్ర వేయలేదు. చుక్కలు మాత్రం రోజూ పట్టపగలే కనిపిస్తున్నాయి, ఫీజు లేకుండా.