కాగితంలో లేనిదంతా ప్రామాణికమే

యూరప్ మధ్యయుగాల సంగీతం వాయించే బృందాల మీద ఈమధ్య కొందరు లేనిపోని అనుమానాలు పెట్టుకుంటున్నారు. 13వ శతాబ్దంలో ఈ పాట ఇలాగే పాడారని మీకెవరు చెప్పారండీ అని అడుగుతున్నారు. ఇదేం సభామర్యాద? నల్ల చొక్కా వేసుకుని, మెడలో సిల్కు స్కార్ఫ్ చుట్టుకుని, పేగు తీగల వాద్యం ఒళ్లో పెట్టుకున్న మనిషి కళ్లు మూసుకుని వాయిస్తున్నాడంటే ఆయనకి తెలిసే ఉంటుంది.

అసలు కాగితం మీద ఏముందో చెప్పడానికి ఎక్కువసేపు పట్టదు. 13వ శతాబ్దంలో స్పెయిన్‌లోని కాస్టీల్ రాజ్యాన్నేలిన పదో అల్ఫోన్సో కొలువులో మేరీమాత మీద 400కి పైగా పాటలు కూర్చారు, కాంటిగాస్ అంటారు వాటిని. మాటలున్నాయి, బాణీ ఉంది. ఏ పాటకి ఏ వాద్యం వాయించాలో లేదు, ఎంత వేగమో లేదు, లయ సంగతైతే పండితులు ఇప్పటికీ తేల్చుకోలేక కొట్టుకుంటున్నారు, ఇక డప్పు ఎక్కడ కొట్టాలో ఒక్క చుక్క కూడా రాసి లేదు. అయినా కచేరీకి వెళ్తే డప్పు ఉంటుంది. ఒకటి కాదు, మూడు రకాలుంటాయి. మధ్యలో తని ఆవర్తనం కూడా ఉంటుంది, హాలంతా చప్పట్లే. రాయకపోవడానికి కారణం అప్పట్లో అది అందరికీ తెలిసిన విషయం కాబట్టేనని వివరణ. ఈ లెక్కన రాజుగారి కొలువులో కాఫీ తాగేవారని కూడా నిరూపించొచ్చు, ఎందుకంటే అదీ ఎక్కడా రాయలేదు.

ఆధారం బొత్తిగా లేదనడం మాత్రం అన్యాయం. బొమ్మలున్నాయి. మాడ్రిడ్ దగ్గర ఎస్కోరియల్ మఠంలో ఉన్న ఒక కాంటిగాస్ ప్రతిలో వాద్యకారుల చిత్రాలే నలభై. అందులో ఒకదాంట్లో ముస్లిం కళాకారుడు, క్రైస్తవ కళాకారుడు పక్కపక్కన కూర్చుని వాయిస్తుంటారు. పాపం ఆ ఇద్దరికీ తెలియదు, తమ ముఖాలు ఎన్ని సీడీ కవర్ల మీదకి ఎక్కబోతున్నాయో. మూడు మతాలు, ఒకే రాగం, స్పెయిన్‌లో సామరస్యపు స్వర్ణయుగం... ఇలా సాగుతుంది కరపత్రం. అదే కాంటిగాస్‌లో యూదుల్ని విలన్లుగా చూపించే పాటలు కూడా ఉన్నాయి గానీ, సామరస్యం కచేరీలో వాటికి టైం సరిపోదు. అలాగే ఈ తరహా కార్యక్రమాలు ఎందుకో 1491 దగ్గర ఆగిపోతాయి. ఆ మరుసటి ఏడే స్పెయిన్‌లో ఆఖరి ముస్లిం రాజ్యం గ్రనడా పడిపోయి, యూదుల్ని దేశం విడిచి పొమ్మన్నారు కదా, బహుశా అప్పటికి ఇంటర్వెల్ అయిపోతుందేమో.

ఈ రంగంలో పెద్ద పేరు స్పెయిన్‌కి చెందిన జోర్డీ సవాల్‌ది. 1974లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో భార్య మోంట్సెరాట్ ఫిగెరాస్, మరికొందరితో కలిసి హెస్పెరియన్ 20 అనే బృందం పెట్టారు. శతాబ్దం మారుతోందని 2000లో దాన్ని హెస్పెరియన్ 21గా మార్చారు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి పాటలు వాయించేవాళ్లు కాలంతో పాటు మారడంలో ఎంత అప్రమత్తంగా ఉన్నారో గమనించాలి. నిజం చెప్పాలంటే ఆయన గాంబా (కాళ్ల మధ్య పెట్టుకుని కమానుతో వాయించే తీగవాద్యం) వింటుంటే నా వెటకారమంతా కాసేపు మూగబోతుంది. అయితే కాలమ్ పూర్తి చేయాలి కాబట్టి ముందుకెళ్దాం.

కాగితంలో లేనిది ఎక్కడి నుంచి తేవాలి? ఈ చిక్కు 1960ల్లోనే జర్మనీలోని మ్యూనిక్‌లో అమెరికన్ వాద్యకారుడు థామస్ బింక్లీ బృందానికి ఎదురైంది. వాళ్లు మొరాకో వైపు చూశారు. ఐబీరియా (స్పెయిన్, పోర్చుగల్) నుంచి వెళ్లగొట్టినవాళ్లు తమ పాటల్ని మూటగట్టుకుని వెళ్లింది అటేగా, అక్కడి ఫెజ్, టెటువాన్ ఊళ్లలో ఆ సంప్రదాయం నోటినోటా సాగుతూనే ఉంది. మంచి ఆలోచనే. ఇప్పుడైతే మధ్యయుగాల బృందం అనగానే పక్కన ఊద్ అనే అరబ్బుల తీగవాద్యం వాయించే విద్వాంసుడు ఒకడు కనిపిస్తాడు. ఆయన ముత్తాతల్ని తరిమేసిన గడ్డ మీదకే ఆయన వీసా కోసం ఇంటర్వ్యూకి వెళ్లి, బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించి, వచ్చి, వాళ్ల రాతప్రతిలో ఖాళీలు పూరించి వెళ్తాడు. కరపత్రంలో ఆయన పేరు చివర్న, ‘అతిథి కళాకారుడు’ అని. ఐదు వందల ఏళ్లలో ఆయన సంగీతం కూడా మారి ఉంటుంది కదా అని ఎవరైనా అంటే అందరూ గొంతు సవరించుకుంటారు.

శ్రుతి సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. పేగు తీగకి స్టేజీ లైటు వేడి తగిలితే ఒకలా, తలుపు తీస్తే ఇంకోలా. హర్డీ-గర్డీ (పిడి తిప్పితే చక్రం తీగల్ని రాసి మోగే వాద్యం) వాయించే ఆయనని దగ్గర్నుంచి చూడండి. చక్రం మీద రోజిన్ (చెట్టు బంక) రాస్తాడు, చక్రం తగిలేచోట తీగకి దూది చుడతాడు, తిప్పి వింటాడు, మొహం చిట్లిస్తాడు, దూది పీకేసి మళ్లీ కొంచెం పల్చగా చుడతాడు. ఎనభై ఏళ్లు బతికిన లూట్ (ఊద్‌కి చుట్టమైన యూరప్ తీగవాద్యం) వాద్యకారుడు అరవై ఏళ్లు శ్రుతి చేసుకుంటూనే గడిపి ఉంటాడని 18వ శతాబ్దంలోనే మాథెసన్ అనే జర్మన్ సంగీత రచయిత ఎత్తిపొడిచాడు. కచేరీ మొత్తంలో ప్రామాణికతకి ఢోకా లేని ఘట్టం ఇదొక్కటే.

మనకీ ఇదే తలనొప్పి ఉంది. అన్నమయ్య 1503లో పోయారు, తిరుమల రాగిరేకుల మీద కీర్తనలున్నాయి, రాగాల పేర్లున్నాయి, స్వరాలు లేవు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్లు కూర్చుని బాణీలు కట్టారు. సాహిత్యం ఆయనది, బాణీ ఈయనది అని చెప్పేసుకుని హాయిగా పాడుకుంటున్నాం. అంత సూటిగా ఒప్పేసుకుంటే గ్రాంట్లు రావని యూరప్ వాళ్ల భయం కాబోలు.

సరే, ప్రామాణికతే కావాలంటారా, నాదొక విన్నపం. బార్సిలోనా దగ్గర మోంట్సెరాట్ కొండ మీది మఠంలో 14వ శతాబ్దం చివర్లో రాసిన పుస్తకం ఒకటుంది, అందులో పది పాటలు మిగిలాయి. రాత్రంతా గుడిలో జాగారం చేసే యాత్రికులు పాడాలని, గెంతాలని ఉబలాటపడుతున్నారు కాబట్టి, పిచ్చి పాటలు పాడకుండా కాస్త మర్యాదైనవి ఇస్తున్నామని అందులోనే ఉంది. అంటే వీటిలో కొన్ని డాన్సు పాటలు. ఇప్పుడు అవే పాటలు వింటూ ముందు వరసలో ఎవరైనా కాలితో తాళం వేస్తే పక్కావిడ చూసే చూపుకి మనిషి మాడిపోతాడు. కాబట్టి వాయించేవాళ్లతో పాటు వినేవాళ్లూ ప్రామాణికంగా ఉండాలి. కుర్చీలు తీసెయ్యండి. కొండ ఎక్కి నడిచే రావాలి, టికెట్టు బదులు కొవ్వొత్తి, తెల్లారేదాకా గుండ్రంగా చేతులు పట్టుకుని ఆట. నిర్వాహకుల్ని అడిగి చూడండి, ఫైర్ సేఫ్టీ వాళ్లు ఒప్పుకోరండీ, పైగా పదింటికి హాలు ఖాళీ చేయాలి, చరిత్ర విషయంలో కొంచెం సర్దుకోవాలి అంటారు.