గాల్‌బ్లాడర్‌లో రాళ్లని చెప్పి వచ్చారు

మొన్న మాఘమాసంలో చెన్నై టి.నగర్‌లో ఒక పెళ్లికి వెళ్లాను. ఆడపెళ్లి వారు నెల్లూరు వాళ్లు, మగపెళ్లి వారు మూడు తరాలుగా మద్రాసులో ఉంటున్న తెలుగు వాళ్లు. రెండో పంక్తిలో నా పక్కన కూర్చున్నావిడ నాకు వరసకు వదిన. నిండుగా ఉండే మనిషి సగమైపోయారు. అరిటాకులో వడ్డించినవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పప్పన్నం నాలుగు చిట్టి ముద్దలు తిని చెయ్యి ఆపేశారు. ఎదుటి వరసలోని పెద్దావిడ ఊరుకుంటుందా! “పిచ్చుక తిన్నట్టు అదేం తిండమ్మా! ఈ బొబ్బట్టు తినకపోతే నా మీద ఒట్టే” అని నెయ్యి కారుతున్న బొబ్బట్టు దగ్గరుండి వేయించింది. ఒట్టు పెట్టాక తప్పుతుందా? తిన్నారు. పావుగంట కాకముందే ముఖమంతా చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం. గోడకు ఆనించి కూర్చోబెట్టారు. సన్నబడి కళగా ఉంది కదా, అందరి కళ్లూ పడ్డాయని తేల్చి, ఎవరో ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి దిష్టి తీశారు.

ఆవిడ నోరు విప్పలేదు. పధ్నాలుగు నెలల కిందట ఇదే చెన్నైలో ఆవిడ బరువు తగ్గడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ అనే ఆపరేషన్ చేయించుకున్నారు. నెల్లూరులో బంధువులందరికీ తెలిసింది మాత్రం గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. పేరు రాయనని మాటిస్తేనే నాకైనా చెప్పారు.

ఆ దిష్టికి వైద్యంలో డంపింగ్ అని పేరు. బైపాస్‌లో జీర్ణకోశం పైభాగాన 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచీ మిగిల్చి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. పసిపిల్లలకు ఉగ్గు పెట్టే గిన్నె ఉంటుందే, ఇంచుమించు అంత. తిన్న తీపి అక్కడ నిలవదు. ఒక్కసారిగా పేగులోకి దిగుతుంది, పేగు ఒంట్లోని నీటిని లాక్కుంటుంది, హార్మోన్లు ఎగదన్నుతాయి. చెమటా దడా అందుకే.

బరువు తగ్గించే శస్త్రచికిత్స గురించి మనకు తెలియని విషయాలంటూ వచ్చే రాతల్లో ఖర్చెంత, ఎన్ని కిలోలు తగ్గుతారు, జుట్టు రాలుతుందా అన్నవే ఉంటాయి. జుట్టు రాలుతుంది, మూడు నుంచి ఆరు నెలల మధ్య. చాలామందికి మళ్లీ వస్తుంది. అదేమంత పెద్ద విషయం కాదు. ఈ ఆపరేషన్ అయిన మనిషికి అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది, దాన్ని దాచిపెట్టడం. అనుభవమున్న చోట జరిగితే ఈ ఆపరేషన్‌లో ప్రాణాపాయం గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌తో పోల్చదగినంత తక్కువ. ముప్పు ఆ తర్వాతి ఏళ్లలో, ఇంట్లో, ఊళ్లో ఉంది.

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు నుంచి జనం చెన్నైకి రావడానికి ఇక్కడి ఆసుపత్రుల పేరు ఒక కారణం. పైకి చెప్పని రెండో కారణం, ఇక్కడ మనల్ని ఎవరూ ఎరగరు. గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల లాడ్జీలో వారం ఉండి, మాధవరంలో బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు. పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లే కాబట్టి గాల్‌బ్లాడర్ అన్న అబద్ధం అతికినట్టు సరిపోతుంది. తమాషా ఏమిటంటే, బరువు వేగంగా తగ్గేవారికి గాల్‌బ్లాడర్‌లో నిజంగానే రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. అప్పుడేం చెబుతారు? ఉన్న ఒక్క గాల్‌బ్లాడర్‌నూ నిరుడే తీయించేశారు కదా!

ఇంత సిగ్గు దేనికి? నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంది అంటారని. ఈ మాట అనేవారికి ఆపరేషన్ ఎలా పనిచేస్తుందో తెలియదు. 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టినప్పుడు ఆయనకూ పూర్తిగా తెలియదు. అల్సర్‌కు కడుపులో కొంత భాగం తీయించుకున్నవారు బరువు పెరగడం లేదని గమనించి, ఆ దారి పట్టారు. కడుపు చిన్నదైతే తిండి తగ్గుతుందన్నదే అప్పటి లెక్క. 1995లో వాల్టర్ పోరీస్ అనే మరో సర్జన్ తన రోగుల వివరాలు ప్రచురిస్తూ శీర్షికలోనే ఆశ్చర్యపోయారు. టైప్-2 మధుమేహం ఉన్నవారిలో బరువు ఇంకా తగ్గకముందే, ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే చక్కెర దిగివస్తోంది. అంటే కత్తి పడింది కడుపు మీదైనా మారింది పేగుల భాష. బైపాస్ తర్వాత భోంచేసినప్పుడు జీఎల్‌పీ-1 అనే హార్మోన్ మునుపటికన్నా బాగా ఎక్కువగా ఊరుతుంది. చాలు అని మెదడుకు చెప్పేవాటిలో అదొకటి. కడుపులో దాదాపు నాలుగింట మూడు వంతులు తీసేసే స్లీవ్ ఆపరేషన్‌లోనైతే, ఆకలి పుట్టించే గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే భాగమే వెళ్లిపోతుంది. లావుగా ఉన్న మనిషికి ఆకలి అబద్ధం కాదు. కడుపు మాడ్చుకుని పది కిలోలు తగ్గితే ఒళ్లే పగబట్టి ఆకలిని పెంచుతుంది. దాంతో పోరాడి ఓడినవారిని బద్ధకస్తులనడం, దగ్గుతున్నవాడిని మర్యాద లేనివాడనడం లాంటిదే.

2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ అనే బరువు తగ్గించే ఇంజక్షన్లు మన మార్కెట్లోకి వచ్చాయి. అవి పనిచేసేదీ ఈ పేగు హార్మోన్ల దారిలోనే. ఆ ఇంజక్షన్లు తీసుకుంటున్నామని పార్టీల్లో చెప్పుకునేవారిని చెన్నైలోనే చూస్తున్నాను. సూదికి లేని సిగ్గు కత్తికి ఎందుకో!

నా వైద్యం నా సొంత విషయం, ఊరందరికీ ఎందుకు చెప్పాలి అని అడిగేవారు ఉంటారు. న్యాయమే. మన వాళ్ల నోళ్లు ఎలాంటివో నాకూ తెలుసు. బొబ్బట్టు వడ్డించిన పెద్దావిడకు చెప్పమని నేను అనను. కానీ ఇంట్లో వండిపెట్టేవారికి, కట్టుకున్నవారికి, జ్వరమొస్తే చూసే డాక్టరుకు కూడా చెప్పకపోతే అది సొంత విషయంగా మిగలదు.

వండేవారికి ఎందుకంటే, ఆపరేషన్ అయినవారికి రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలి. చెన్నై పరిశోధకులు ముందుండి నడిపిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం మన దేశంలో తిండి నుంచి వచ్చే శక్తిలో 62 శాతం పిండిపదార్థాలదే. ఉగ్గుగిన్నెడు కడుపులో ముందు అన్నం పడితే గుడ్డుకూ పెరుగుకూ చోటెక్కడ?

డాక్టరుకు ఎందుకన్నది ఇంకా పెద్ద విషయం. ఆపరేషన్ తర్వాతి మొదటి నెలల్లో కొందరికి వాంతులు పట్టుకుంటాయి. బి-1 విటమిన్, అంటే థయమిన్, ఒంట్లో రెండు మూడు వారాలకు మించి నిల్వ ఉండదు. వాంతులతో నీరసించిన మనిషిని వీధి చివరి క్లినిక్‌కు తీసుకెళ్తారు. మన దగ్గర నీరసానికి తిరుగులేని మందు ఏమిటి? గ్లూకోజు బాటిల్. బి-1 అడుగంటిన మనిషికి అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే, మిగిలిన కాస్తా ఖర్చైపోయి మెదడు దెబ్బతినవచ్చు. చూపు రెండుగా కనిపించడం, నడకలో తూలడం, మతి తప్పడం దాని లక్షణాలు. ఆలస్యమైతే పోయిన జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవచ్చు. ముందు బి-1 ఇంజక్షన్ ఇవ్వాలని డాక్టరుకు తట్టాలంటే ఎదుటి మనిషికి జరిగింది గాల్‌బ్లాడర్ ఆపరేషన్ కాదని తెలియాలి కదా.

ఇదే బి-1 లోపంతో వచ్చే బెరిబెరి మన తీరానికి పాత చుట్టం. ఉత్తర సర్కారు జిల్లాల్లో సిపాయిలనూ ఖైదీలనూ పీడించిన ఆ జబ్బు మీద మాల్కమ్‌సన్ అనే సైనిక వైద్యుడు 1835లో ఈ మద్రాసులోనే ఒక గ్రంథం అచ్చువేయించారు. పాపం, విటమిన్ అన్న మాటే పుట్టని కాలం. మనకు మాత్ర దొరుకుతోంది, కారణం తెలుసు, అయినా నోరు పెగలదు.

ఇన్సూరెన్స్ సంగతీ ఇక్కడే రెండు ముక్కల్లో. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన నిబంధనల ప్రకారం ఈ ఆపరేషన్‌కు పాలసీ వర్తించాలంటే బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు లెక్క, 40 ఉండాలి, లేదా 35తో పాటు తీవ్రమైన జబ్బులు ఉండాలి. ఆసియా వారి శరీర తీరును బట్టి నిపుణులు రాసుకున్న మార్గదర్శకాల్లో అవి చాలాకాలం 37.5, 32.5గా ఉండేవి. ఆ లెక్కన 160 సెంటీమీటర్ల ఎత్తున్న మహిళ 96 కిలోలకు వైద్యుడి దృష్టిలో అర్హురాలు. బీమా కంపెనీ దృష్టిలో ఇంకో ఆరు కిలోలు పెరిగి రావాలి. దీని మీద ఎవరైనా గొంతెత్తారా? ఎత్తాలంటే ఈ ఆపరేషన్ నాకు కావాలి అని నలుగురిలో చెప్పాలి. నితిన్ గడ్కరీ, అరుణ్ జైట్లీ లాంటి నాయకులు చేయించుకున్న సంగతి పత్రికల్లో వచ్చింది, ఎవరి పదవీ పోలేదు. మామూలు మనిషికి మాత్రం పరువు పోతుందని భయం.

పరువు అనగానే నేను చాలాకాలంగా మొత్తుకుంటున్న విషయం దగ్గరికి రాక తప్పదు. మన ఇళ్లలో రోగాన్ని దాచడం పెళ్లిచూపుల కోసం మొదలవుతుంది. మూర్ఛ ఉందని చెప్పరు, థైరాయిడ్ మాత్రలు బట్టల కింద దాస్తారు, డిప్రెషన్‌ను కాస్త కోపమెక్కువ అని సర్దేస్తారు. ఇప్పుడు ఆ వరసలో ఇదీ చేరింది. లావుగా ఉందని సంబంధాలు తప్పిపోతుంటే గుట్టుగా ఆపరేషన్ చేయించి, ఆరేడు నెలల్లో ముప్పై కిలోలు తగ్గించి, కొత్త ఫొటోలు తీయించి ముహూర్తం పెట్టిస్తారు. పెళ్లయిన మూడో నెల నుంచే విశేషమేమైనా ఉందా అని అత్తగారి తరఫు ఆరాలు. ఆపరేషన్ అయ్యాక 12 నుంచి 18 నెలల దాకా గర్భం రాకుండా చూసుకోవాలన్నది వైద్యుల మాట. బరువు జోరుగా తగ్గే రోజుల్లో తల్లికే చాలని పోషకాలు బిడ్డకు ఎక్కడి నుంచి వస్తాయి? పైగా బరువు తగ్గగానే తప్పిపోయిన నెలసరులు దారికొస్తాయి, గర్భం ఇదివరకటికన్నా సులువుగా నిలుస్తుంది. బైపాస్ అయినవారికి గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటబట్టకపోవచ్చు. ఆగుదాం అని మొగుడితో చెప్పాలంటే ఎందుకో చెప్పాలి.

సరే, గర్భం నిలిచింది. ఆసుపత్రికి వెళ్తే మధుమేహ పరీక్షకు 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగిస్తారు. ఒక్క గ్లాసుతో తేల్చే ఈ పద్ధతిని దేశమంతటికీ అలవాటు చేసినవారు చెన్నై వైద్యుడు వి.శేషయ్య, గర్భిణులకు గొప్ప మేలు చేసిన పరీక్ష. కానీ బైపాస్ అయిన అమ్మాయికి ఆ గ్లాసు పది బొబ్బట్ల పెట్టు. చెప్పి ఉంటే డాక్టరు గ్లూకోజు బదులు వారం రోజులు ఇంట్లోనే చక్కెర చూసుకోమనేవారు. చెప్పలేదు కాబట్టి బల్ల మీద పడుకోబెట్టి విసురుతారు. ఎవరో ఒకరు దిష్టి అంటారు.

మా వదినది కొత్త కాపురం కాదు. ఇద్దరు పిల్లలు కాలేజీలో ఉన్నారు. భర్తకు తెలుసు, ఆయనే దగ్గరుండి చేయించారు. అయినా బి-12, ఐరన్, కాల్షియం మాత్రలు పాత ఉసిరి పొడి డబ్బాలో పోసుకుని తిరుగుతున్నారు, అత్తగారు పేర్లు చదవకుండా. ఆ మాత్రలు జీవితాంతం వేసుకోవాల్సినవి. పెళ్లి పందిట్లో ఆ రాత్రి, కనీసం మీ ఊళ్లో చూసే డాక్టరుకైనా చెప్పండి వదినా అన్నాను. మోకాళ్ల నొప్పికి ఆయన రాసిస్తున్న మాత్రలు ఈ ఆపరేషన్ అయినవారికి పేగు అతుకు దగ్గర పుండ్లు పడేలా చేస్తాయి, అవి మాత్రం వేసుకోకూడదని కూడా చెప్పాను.

“తెలుసు. కొని తెచ్చి తులసికోట వెనక పారేస్తున్నాను” అన్నారు. “ఆయనకు ఎలా చెప్పను? మా అత్తగారికి సొంత పెదనాన్న కొడుకు.”