క్లయింట్ డొమైన్ క్లయింట్ పేరు మీదే ఉండాలి

వెబ్‌సైట్లు చేస్తూ, ఫొటోలు తీస్తూ, వీడియోలు కూడా చేసిపెట్టే చిన్న స్టూడియోల గురించి ఎక్కడ చర్చ మొదలైనా చివరికి రేట్ల దగ్గరే ఆగుతుంది. గంటల లెక్కన తీసుకోవాలా, ప్యాకేజీ చెప్పాలా, రెడీమేడ్ టెంప్లేట్లూ ఫోన్ కెమెరాలూ ఏఐ టూల్సూ వచ్చాక ఈ రంగంలో నిలబడేదెవరు? అడగాల్సిన ప్రశ్నలే. కానీ ఈ వృత్తికి ఇంతకన్నా పెద్ద చేటు చేస్తున్నది ఒకటుంది, దాని గురించి ఎవరూ నోరు విప్పరు. క్లయింట్‌కి చెందాల్సినవి స్టూడియో తన పేరు మీద, తన పాస్‌వర్డ్ కింద ఉంచేసుకోవడం. ఇది వెంటనే మానేయాలని నా వాదన.

మూడు పనులూ ఒకే చోటికి ఎలా చేరాయో ఈ రంగంలో ఉన్నవాళ్లకు తెలుసు. 2003లో వర్డ్‌ప్రెస్ వచ్చి సైట్ కట్టడాన్ని తేలిక చేసింది. 2008లో క్యానన్ 5డీ మార్క్ 2 వచ్చాక ఫొటోలు తీసే కెమెరాతోనే ఫుల్ హెచ్‌డీ వీడియో తీయడం మొదలైంది. దాంతో ఇద్దరు ముగ్గురున్న స్టూడియో కూడా ఒక వ్యాపారానికి సైట్, ఫొటోలు, ప్రమోషన్ వీడియో అన్నీ తానే చేసి ఇవ్వగలుగుతోంది. నాకు ఈ మార్పు ఇష్టమే. అయితే ఒక వ్యాపారం లోకానికి కనిపించే రూపమంతా ఒకే స్టూడియో చేతిలోకి వెళ్లిందన్న సంగతి చాలామంది గమనించలేదు.

డొమైన్, అంటే సైట్ చిరునామాగా వాడే పేరు, దాని సంగతే తీసుకోండి. చాలా సందర్భాల్లో ఇందులో దురుద్దేశం ఉండదు. పని త్వరగా తేలాలని స్టూడియో తన ఈమెయిల్‌తో, తన కార్డుతో, తన పేరు మీదే రిజిస్టర్ చేసేస్తుంది. క్లయింట్‌కి ఆ తేడా తెలియదు, ఎవరూ చెప్పరు. సైట్ నడుస్తున్నంత కాలం సమస్య కనిపించదు. కొన్నేళ్లకు క్లయింట్ వేరే వాళ్ల దగ్గరికి మారాలనుకుంటాడు. డొమైన్ బదిలీకి ఆథరైజేషన్ కోడ్ కావాలి. డొమైన్లు నమోదు చేసే సంస్థ, అంటే రిజిస్ట్రార్, ఆ కోడ్‌ను అడిగిన 5 రోజుల్లోగా ఇచ్చి తీరాలని డొమైన్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ నియమం చెబుతోంది. అయితే ఎవరికి? రికార్డులో రిజిస్ట్రెంట్‌గా, అంటే డొమైన్ నమోదు చేసుకున్న మనిషిగా, ఎవరి పేరుంటే వాళ్లకి. ఆ పేరు స్టూడియోది. అంటే యజమానిని కాపాడటానికి పెట్టిన నియమం ఇక్కడ అసలు యజమానికే అడ్డం తిరుగుతుంది. ఏళ్ల తరబడి డబ్బు కట్టిన మనిషి రికార్డు ప్రకారం ఎవరూ కాదు.

గొడవ లేకుండానే డొమైన్ పోయే దారి కూడా ఉంది. స్టూడియో కార్డు గడువు తీరుతుంది, రెన్యువల్ హెచ్చరికలు ఎవరూ తెరవని ఇన్‌బాక్స్‌కి వెళ్తుంటాయి. డొమైన్ ఆగిన రోజు సైట్‌తో పాటు ఆ డొమైన్ మీద ఉన్న ఈమెయిళ్లన్నీ ఆగిపోతాయి. ఆర్డర్లు రావు, ఇన్‌వాయిస్‌లు చేరవు, బ్యాంకు పంపే మెయిల్ కూడా రాదు. డాట్ కామ్ లాంటి డొమైన్లకు రిజిస్ట్రార్ రద్దు చేశాక కూడా వెనక్కి తీసుకోవడానికి 30 రోజుల రిడెంప్షన్ గడువు ఉంటుంది. అదనపు ఫీజు కట్టి అప్పటికైనా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ గడువూ దాటితే కొద్దిరోజుల్లో పేరు ఖాళీ అవుతుంది, ఎవరైనా కొనేసుకోవచ్చు. నాసిరకం డిజైన్ వల్ల ఏ వ్యాపారానికీ ఇంత నష్టం రాదు.

ఫొటోలు, వీడియోల దగ్గర లెక్క వేరు. అన్నీ క్లయింట్ చేతిలో పోసేయమని నేననను. 1886 నాటి బెర్న్ ఒప్పందంలో చేరిన దేశాల్లో కాపీరైట్ రిజిస్ట్రేషన్‌తో పని లేకుండా సృష్టించిన క్షణం నుంచే పుడుతుంది. అది ఎవరి చేతికి వస్తుందన్నది ఆ దేశ చట్టాన్ని బట్టి, ఇద్దరి మధ్య ఒప్పందాన్ని బట్టి మారుతుంది. డబ్బిచ్చాను కాబట్టి అన్నీ నావే అనుకునే క్లయింట్, అతను అలా అనుకుంటున్నాడని తెలిసీ మాట్లాడని స్టూడియో, ఇద్దరూ గొడవను వాయిదా వేసుకుంటున్నట్టే. రా ఫైల్స్, అంటే ఎడిట్ చేయని కెమెరా ఫైళ్లు, ఇవ్వకపోవడం తప్పేమీ కాదు, అవి పూర్తికాని పని. ఇవ్వబోమని కొటేషన్‌లోనే రాయాలి.

ఎంతకాలం దాస్తారో కూడా రాయాలి. సెకనుకు 100 మెగాబిట్ల రేటుతో తీసిన 4కె ఫుటేజ్ గంటకు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలతో నాలుగు గంటలు తీస్తే 360 జీబీ, దానికో బ్యాకప్ పెడితే 720. ఏ చిన్న స్టూడియో కూడా దీన్ని ఉచితంగా ఎల్లకాలం మోయలేదు, మోయాల్సిన పనీ లేదు. ఫలానా తేదీ తర్వాత చెరిపేస్తాం, ఆలోగా కావాలంటే హార్డ్ డిస్క్‌లో తీసుకెళ్లండి అని ముందే చెప్పడమే మర్యాద.

సంగీతం గురించి మాత్రం చాలామందికి ధ్యాసే ఉండదు. వీడియోలో వాడిన ట్రాక్ లైసెన్స్ తరచుగా స్టూడియో చందా మీద ఉంటుంది. అది క్లయింట్ చానల్‌కీ, ప్రకటనలకీ వర్తిస్తుందా, చందా ఆపేశాక కూడా చెల్లుతుందా? ఎవరూ చూడరు. క్లయింట్ తన చానల్‌లో పెట్టిన వీడియోకి యూట్యూబ్‌లో కాపీరైట్ ఉన్న పాటలను పట్టే కంటెంట్ ఐడీ వ్యవస్థ నుంచి క్లెయిమ్ పడ్డాక లైసెన్స్ కాగితం కోసం వెతుకులాట మొదలవుతుంది. సైట్‌లో వాడిన ఫాంట్లదీ ఇదే కథ.

దీనికి స్టూడియోల వైపు నుంచి వచ్చే జవాబు ఒక్కటే: క్లయింట్లు బ్యాలెన్స్ ఎగ్గొడతారు, డొమైన్ మా చేతిలో ఉంటేనే డబ్బు వస్తుంది. ఎగవేతలు నిజం, ఆ టెన్షన్ కూడా నిజం. కానీ దానికి మందు వేరే ఉంది. అడ్వాన్స్ తీసుకోండి, పనిని దశలుగా విడగొట్టి ఒక దశ డబ్బు వచ్చాకే తర్వాతి దశ మొదలుపెట్టండి. వాటర్‌మార్క్ ఉన్న ఫొటోలు, తక్కువ రిజల్యూషన్ వీడియో చూపించి, పూర్తి చెల్లింపు తర్వాతే అసలు ఫైళ్లు ఇవ్వండి. కొత్త సైట్‌ను మీ టెస్ట్ సర్వర్ మీద చూపించండి. ఇంకా అప్పగించని మీ పనిని ఆపుకోవడం మీ హక్కు. క్లయింట్ పేరును, అతని ఈమెయిల్‌ను ఆపే హక్కు మీకు లేదు.

ఇంత పట్టుగా చెప్పడానికి ఇంకో కారణముంది. డిజిటల్ లోకంలో చిన్నవాళ్లందరం అద్దె ఇళ్లలోనే బతుకుతున్నాం. స్టూడియోలూ అంతే. 2013 మేలో అడోబ్, ఫొటోలూ వీడియోలూ ఎడిట్ చేసే తన సాఫ్ట్‌వేర్ల సెట్ క్రియేటివ్ సూట్‌కి ఇక కొత్త వెర్షన్లు రావని, ఇకపై చందా పద్ధతేనని ప్రకటించింది. చందా ఆపేస్తే సొంతంగా ఎడిట్ చేసిన పాత ప్రాజెక్ట్‌ను కూడా అడోబ్ వీడియో ఎడిటర్ ప్రీమియర్‌లో తెరవలేం. ఆనాడు ఫొటోగ్రాఫర్లూ ఎడిటర్లూ ఎంత కోపగించుకున్నారో ఈ రంగంలో పాతవాళ్లకు గుర్తే. ఆ బాధ తెలిసిన మనమే, మనకన్నా తక్కువ తెలిసిన క్లయింట్‌ని అలాంటి స్థితిలో పెడుతున్నాం.

'మీకు సైట్ దేనికండీ, సోషల్ మీడియా పేజీ చాలు' అని సలహా ఇచ్చే స్టూడియోలు కూడా తయారయ్యాయి. వాళ్లకు పని తగ్గుతుంది. కానీ ఆ పేజీ ఎవరిది? జనం ఉచితంగా సొంత పేజీలు పెట్టుకునే జియోసిటీస్‌ను యాహూ 2009లో మూసేసింది. జనం ఏళ్ల తరబడి పోగుచేసుకున్న పేజీలు పోయాయి, స్వచ్ఛందంగా కొందరు కాపీ చేసినవే మిగిలాయి. గూగుల్ సోషల్ నెట్‌వర్క్ గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మూతపడింది. సర్వర్ మార్పిడిలో పాత పాటల ఫైళ్లు పోయాయని మరో సోషల్ నెట్‌వర్క్ మైస్పేస్ ఒప్పుకున్నదీ 2019లోనే. చిన్నాచితకా సంస్థలు కావివి. రేపు ఇంకో ప్లాట్‌ఫామ్ రీచ్ తగ్గించినా, ఖాతా ఆపేసినా చిన్న వ్యాపారి అడగడానికి మనిషి కూడా దొరకడు.

డొమైన్ మీద హక్కు కూడా శాశ్వతం కాదని నాకు తెలుసు. డాట్ కామ్‌ని ఒకేసారి గరిష్ఠంగా పదేళ్లకే రిజిస్టర్ చేసుకోగలం. అయినా హోస్టింగ్, అంటే సైట్ ఉంచే సర్వర్ సేవ, నచ్చకపోతే అదే పేరుతో ఇంకోచోటికి వెళ్లొచ్చు, స్టూడియో మారొచ్చు, సైట్ మొత్తం కొత్తగా కట్టుకోవచ్చు. వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఎప్పటిలాగే ఆ పేరుకే వస్తారు. చిన్న వ్యాపారికి ఆన్‌లైన్‌లో ఉన్న ఈ ఒక్క స్వేచ్ఛను అతనికి పని చేసిపెట్టే మనిషే లాగేసుకోవడం నాకు అస్సలు మింగుడుపడదు.

స్టూడియో క్షేమం కూడా ఇందులోనే ఉంది. ఒకరిద్దరు నడిపే చోట యజమాని ఆస్పత్రిలో చేరితే క్లయింట్లందరి పాస్‌వర్డ్‌లూ అతని ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతాయి. ఆ ఒక్క ఖాతా హ్యాక్ అయితే నష్టపోయేది అందరూ. అందుకే మొదటి రోజే క్లయింట్‌ని పక్కన కూర్చోబెట్టి అతని ఈమెయిల్‌తో, అతని కార్డుతో డొమైన్, హోస్టింగ్ తీయించాలి. సైట్ విజిట్ల లెక్కలు చూసే అనలిటిక్స్ ఖాతా కూడా అతనిదే అయి ఉండాలి. స్టూడియో అందులోకి అనుమతి పొందిన యూజర్‌గా మాత్రమే చేరాలి. పని పూర్తయ్యాక లాగిన్‌లు, రెన్యువల్ తేదీలు, లైసెన్సులు, ఫుటేజ్ చెరిపేసే తేదీ అన్నీ ఒక కాగితం మీద రాసి ఇచ్చి, క్లయింట్ తన ఫోన్లో స్వయంగా లాగిన్ అయి చూసుకున్నాకే ఫైనల్ ఇన్‌వాయిస్ పంపాలి.