డిప్లొమా వస్తే యూసీకి అర్హత వచ్చినట్టేనా?

ప్రతి ఏటా చలికాలం సెలవులు ముగిశాక కాలిఫోర్నియా హైస్కూళ్లు మరుసటి ఏడాది కోర్సులు ఎంచుకొనే ఫారాలు పిల్లల చేతికిస్తాయి. సరిగ్గా అప్పుడే మన తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పొడవాటి మెసేజీ నిద్ర లేస్తుంది. రాసిన మనిషి పేరు ఉండదు. కింద మాత్రం "అందరికీ తప్పక పంపండి" అని ఉంటుంది. అది చెప్పేది ఇదీ: స్కూలు డిప్లొమా ఇస్తే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు, అంటే యూసీకి, అర్హత వచ్చినట్టే. తొమ్మిదో తరగతి గ్రేడ్లు లెక్కలోకి రావు. ఏపీ, అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి కోర్సులు ఎన్ని తీసుకుంటే జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, అంత పెరుగుతుంది. ఎనిమిదిలోనే ఆల్జీబ్రా ముగించిన పిల్లలు లెక్కలను త్వరగా వదిలించుకోవచ్చు. ఇంట్లో తెలుగు మాట్లాడితే రెండో భాష అక్కర్లేదు. శాట్ ప్రవేశ పరీక్షలో 1500 దాటితే మిగతా లోట్లన్నీ పూడిపోతాయి. సీటు వచ్చాక పన్నెండో తరగతిని పట్టించుకోనక్కర్లేదు.

ఇందులో పచ్చి అబద్ధాలు తక్కువ, సగం నిజాలు ఎక్కువ. నమ్మేవాళ్లు ఇంతమంది ఉండటానికి కారణం అదే. పైగా మనలో చాలామంది ఇంటర్మీడియట్ చదివి వచ్చినవాళ్లం. ఎంపీసీయో బైపీసీయో అని ఒక్కసారి చెబితే, ఏ సబ్జెక్టు ఎన్నేళ్లు చదవాలో బోర్డే తేల్చేసేది. ఇక్కడ ఆ పని నాలుగేళ్ల పాటు, ఏటా, పిల్లవాడూ ఇంట్లోవాళ్లూ చేసుకోవాలి.

"డిప్లొమా ఉంటే అర్హత ఉన్నట్టే" అన్న మాటే అన్నిటికన్నా ప్రమాదం కనుక దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. రాష్ట్ర చట్టం ప్రకారం డిప్లొమాకు కనీసం కావలసినవి: ఇంగ్లిష్ 3 ఏళ్లు, గణితం 2 ఏళ్లు, సైన్స్ 2 ఏళ్లు, సాంఘిక శాస్త్రం 3 ఏళ్లు, వ్యాయామ విద్య 2 ఏళ్లు. వీటికి తోడు కళలు, విదేశీ భాష, వృత్తి విద్యల్లో ఏదో ఒకటి ఒక ఏడాది. ఒక్కో ప్రాంతపు ప్రభుత్వ స్కూళ్లను నడిపే స్కూల్ డిస్ట్రిక్టులు తమ షరతులు మరికొన్ని కలుపుతాయి. యూసీ అడిగే జాబితా ఇది కాదు. దాన్ని ఏ-జీ అంటారు, ఏడు విభాగాలకు ఏడు అక్షరాలు: చరిత్ర 2 ఏళ్లు, ఇంగ్లిష్ 4, గణితం 3, సైన్స్ 2, ఇంగ్లిష్ కాని భాష 2, కళలు 1, ఐచ్ఛికం 1. మొత్తం 15 ఏడాది కోర్సులు. వాటిలో 11 పదకొండో తరగతి ముగిసేలోపు పూర్తి కావాలి, ఒక్కోదానిలో కనీసం సీ గ్రేడు రావాలి. ఆపైన ఈ కోర్సుల్లో జీపీఏ రాష్ట్రవాసులకు 3.0, బయటివారికి 3.4 తగ్గకూడదు. రాష్ట్రంలోని మరో ప్రభుత్వ వ్యవస్థ అయిన క్యాల్ స్టేట్ విశ్వవిద్యాలయాలు కోరేదీ దాదాపు ఇదే జాబితా, జీపీఏ విషయంలో మాత్రం కొంత ఉదారం.

రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కనీస చట్టాన్ని అక్షరాలా పాటించిన పిల్లవాడు టోపీ ఎగరేసి డిప్లొమా తీసుకోగలడు. కానీ అతనికి ఇంగ్లిష్‌లో ఒక ఏడాది, గణితంలో ఒక ఏడాది తక్కువ. భాషకు బదులు వృత్తి విద్య తీసుకొని ఉంటే భాషలో రెండేళ్లూ లేవు, కళలూ లేవు. వ్యాయామ విద్యకు పెట్టిన రెండేళ్లు యూసీ లెక్కలో ఎక్కడా కనిపించవు.

"మా డిస్ట్రిక్టులో డిప్లొమాకే ఏ-జీ తప్పనిసరి కదా" అని కొందరు అంటారు. నిజమే, కొన్ని చోట్ల అలాగే ఉంది. లాస్ ఏంజలస్ యూనిఫైడ్ అందులో ఒకటి. అయితే అక్కడ డిప్లొమాకు డీ గ్రేడు సరిపోతుంది, యూసీకి సరిపోదు. ఒకే కోర్సు, ఒకే గ్రేడు: స్కూలు పాసంటుంది, విశ్వవిద్యాలయం ఆ కోర్సు చదవనట్టే చూస్తుంది. మనకిది అంత కొత్తేమీ కాదు. ఇంటర్ పాసైనా గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం లేని జనరల్ కేటగిరీ విద్యార్థికి ఎంసెట్‌తో (ఇప్పటి ఈఏపీసెట్‌తో) ఇంజనీరింగ్ సీటు ఇవ్వరని మనకు తెలుసు. పాసు వేరు, అర్హత వేరు.

ఇంకో చిక్కు ఉంది. కోర్సు పేరు బయాలజీ అయినంత మాత్రాన అది ఏ-జీ కోర్సు అయిపోదు. ఆ స్కూలు ఆ కోర్సును యూసీకి పంపి ఆమోదం తెచ్చుకొని ఉండాలి. కొన్ని స్కూళ్లు ఆమోదం ఉన్న కోర్సు పేరు చివర "పి" అనే అక్షరం వేస్తాయి, కొన్ని చుక్క గుర్తు పెడతాయి, కొన్ని ఏమీ పెట్టవు. యూసీ వారి ఏ-జీ జాబితా వెబ్‌సైటు అందరికీ తెరిచే ఉంటుంది. స్కూలు పేరు కొడితే ఏ ఏడాది ఏ కోర్సుకు ఏ అక్షరం కింద గుర్తింపు ఉందో చూపిస్తుంది. మెసేజీని పదిమందికి పంపే సమయంలో ఆ పేజీ ఒకసారి తెరవవచ్చు.

ఇక తొమ్మిదో తరగతి. యూసీ జీపీఏను పదో తరగతికి ముందు వేసవి నుంచి పదకొండో తరగతి తరవాతి వేసవి వరకు చదివిన ఏ-జీ కోర్సులతోనే కడుతుంది. అంతవరకు మెసేజీ చెప్పింది నిజం. చెప్పనిది ఏమిటంటే, తొమ్మిదిలో చదివిన కోర్సులు ఆ 15లోకి వస్తాయి, కాబట్టి అక్కడా సీ తప్పనిసరి. గ్రేడ్లన్నీ దరఖాస్తులో రాయాలి, దరఖాస్తు పరిశీలించేవారికి అవి కనిపిస్తాయి. ఒక మినహాయింపు ఉంది: తొమ్మిదిలో స్పానిష్ మొదటి ఏడాది డీ వచ్చి, రెండో ఏడాది సీ తెచ్చుకుంటే పై కోర్సు కింది దాన్ని నిలబెడుతుంది. ఆల్జీబ్రాకు కూడా ఈ సౌకర్యం ఉంది. ఇంగ్లిష్‌కు, చరిత్రకు లేదు. తొమ్మిదో తరగతి ఇంగ్లిష్‌లో డీ వస్తే పదిలో ఏ తెచ్చుకున్నా ఆ గుంత పూడదు, మళ్లీ చదవాల్సిందే. యూసీ కాకుండా ప్రైవేటు కాలేజీలకు, ఇతర రాష్ట్రాలకు దరఖాస్తు చేసే పిల్లలకైతే నాలుగేళ్ల ట్రాన్‌స్క్రిప్టూ, అంటే గ్రేడ్ల పట్టికంతా, ముందుంటుంది.

ఏపీ కోర్సుల మాటకొస్తే నాకు కొంచెం కోపం వస్తుంది. ఎందుకంటే ఈ ఒక్క వాక్యం వల్ల పిల్లలు నిద్ర మానుకుంటున్నారు. ఏపీలో, యూసీ గుర్తించిన ఆనర్స్ (పై స్థాయి) కోర్సులో సీ లేదా ఆపైన గ్రేడు వస్తే ఒక్కో సెమిస్టరుకు ఒక పాయింటు అదనంగా కలుపుతారు. ఇలా కలిపేది మొత్తం మీద 8 సెమిస్టర్లకు మాత్రమే. అందులోనూ పదో తరగతివి 4కు మించకూడదు. తొమ్మిదో తరగతి ఆనర్స్‌కు ఏమీ కలవదు. కోర్సు చదవకుండా ఏపీ పరీక్ష ఒక్కటే రాస్తే జీపీఏలో పాయింటు రాదు.

కాగితం మీద వేసి చూద్దాం. పది, పదకొండు తరగతుల్లో ఏటా 5 ఏ-జీ కోర్సులు, అంటే 20 సెమిస్టరు గ్రేడ్లు అనుకోండి. ఏ అంటే 4 పాయింట్లు, బీ అంటే 3. ఒక అమ్మాయి 4 ఏపీలు తీసుకొని (8 సెమిస్టర్లు) అన్నిటా ఏ తెచ్చుకుంది: 80కి 8 కలిపి 88, దాన్ని 20తో భాగిస్తే 4.40. ఇంకో అమ్మాయి 7 ఏపీలు తలకెత్తుకుంది, 14 సెమిస్టర్లు. భారం ఎక్కువై 6 సెమిస్టర్లలో బీ పడింది. గ్రేడ్ల మొత్తం 74, అదనం అదే 8, కూడితే 82, జీపీఏ 4.10. మిగిలిన 6 ఏపీ సెమిస్టర్లకు ఈ లెక్కలో చిల్లిగవ్వ రాలేదు.

దీన్నిబట్టి ఏపీలు దండగ అనుకోవద్దు. దరఖాస్తు చదివేవారు ఈ ఒక్క అంకెనే చూడరు. స్కూల్లో దొరికే కష్టమైన కోర్సుల్లో పిల్లలు ఎన్ని తీసుకున్నారో, వాటిలో ఎలా చదివారో కూడా చూస్తారు. పోటీ ఎక్కువగా ఉండే క్యాంపస్‌లకు, ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ కోరేవారికి అది ముఖ్యం. ఇష్టమున్న సబ్జెక్టులో ఏడో ఏపీ తీసుకుంటే తీసుకోనివ్వండి. జీపీఏ పెరుగుతుందని మాత్రం ఆశ చూపకండి.

ఎనిమిదిలో ఆల్జీబ్రా ముగించడం మన ఇళ్లలో దాదాపు ఆనవాయితీ. ఏడు, ఎనిమిది తరగతుల్లో చదివిన గణితాన్ని యూసీ ఏ-జీలో లెక్కిస్తుంది. డిప్లొమా దగ్గర అలా కాదు. ఆల్జీబ్రా ముందే అయినా తొమ్మిది నుంచి పన్నెండు లోపల గణితం రెండేళ్లు చదవాల్సిందే. ఇక లెక్కలు త్వరగా మానేయడం గురించి: యూసీ కనీసం 3 ఏళ్లని చెప్పి, 4 ఏళ్లు మంచిదని కూడా చెబుతుంది. కొడుకు ఇంజనీరింగ్ చదవాలని కోరుకుంటూ పన్నెండులో లెక్కలు మానిపించే ఆలోచన ఎవరికి వచ్చిందో నాకు అర్థం కాదు. ఆల్జీబ్రా-2 కష్టమని దాని బదులు డేటా సైన్స్ పరిచయ కోర్సు తీసుకోమనే సలహా కూడా ఆ మధ్య తిరిగింది. 2023 జూలైలో యూసీ అధ్యాపక కమిటీ ఆ దారి మూసేసింది.

త్వరపడటంలోనే ఇంకో గోతి ఉంది. నాకు తెలిసిన ఒక కుర్రాడు ఎనిమిదిలో ఆల్జీబ్రా చేసి, ఆ వేసవిలో ఒక ప్రైవేటు ఆన్‌లైన్ సంస్థలో జామెట్రీ ముగించాడు. తొమ్మిదిలో ఆల్జీబ్రా-2, పదిలో ప్రీ క్యాలిక్యులస్, పదకొండులో ఏపీ క్యాలిక్యులస్, అన్నిటా ఏ గ్రేడే. పదకొండో తరగతి చివర్లో వాళ్ల నాన్నగారు ట్రాన్‌స్క్రిప్టు తెచ్చి నా ముందు పరిచారు. గణితం వరసలో ఆల్జీబ్రా పక్కన జామెట్రీ ఉండాల్సిన గడి ఖాళీ. ఆ సంస్థ కోర్సుకు ఏ-జీ ఆమోదం లేదు, స్కూలు కూడా దాన్ని ఎక్కించుకోలేదు. "క్యాలిక్యులస్ చేసినవాడికి జామెట్రీ రాదంటారా అండీ?" అని అడిగారాయన. వచ్చు, సందేహం లేదు. కానీ పై కోర్సు కింది కోర్సుకు పూచీ పడే నియమం, జామెట్రీ అసలు తీసుకోకపోతే వర్తించదు. ఆ వేసవిలో కుర్రాడు యూసీ వారే నడిపే స్కౌట్ ఆన్‌లైన్ బడిలో త్రిభుజాల సర్వసమానత్వం మళ్లీ మొదటి నుంచి చదువుకున్నాడు. ముందే అడిగి ఉంటే అదే స్కౌట్‌లో మూడేళ్ల కిందటే చేసేవాడు.

తెలుగు సంగతి. ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడే తెలుగును యూసీ తనంతట తాను భాషా కోర్సుగా లెక్కించదు. ఏపీ పరీక్షల్లో స్పానిష్, ఫ్రెంచ్, చైనీస్, జపనీస్ ఉన్నాయి, తెలుగు లేదు. ఉన్న దారులు వేరు. ఆరో తరగతి నుంచి కనీసం రెండేళ్లు తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలకు భాష షరతు తీరినట్టే. ఇంగ్లిష్ మీడియంలో తెలుగును ఒక సబ్జెక్టుగా చదవడం దీని కిందికి రాదు. తెలుగు మాధ్యమంలో చదివినవారు అక్కడి మార్కుల పత్రాలు తెచ్చుకొని కౌన్సెలర్‌ను అడగాలి. స్కూలే పిల్లల భాషా ప్రావీణ్యాన్ని పరిశీలించి ప్రిన్సిపాల్ ద్వారా ధ్రువీకరించే పద్ధతి కూడా ఉంది, అందుకు స్కూలు ఒప్పుకోవాలి. వారాంతపు తెలుగు బడికి పంపేవారు, ఆ తరగతులకు తమ డిస్ట్రిక్టు క్రెడిట్ ఇస్తుందా, యూసీ జాబితాలో ఉందా అని రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి. ఒకదానికి అవునంటే రెండోదానికీ అవునని కాదు. రెండు భాషల్లో ప్రావీణ్యం ఉందని డిప్లొమా మీద వేసే ద్విభాషా ముద్ర 2012 నుంచి ఈ రాష్ట్రంలో ఉంది, దానికి తెలుగు పిల్లలు ప్రయత్నించవచ్చు. అది గౌరవం, ఏ-జీ కోర్సు కాదు.

శాట్ గురించి రెండు ముక్కలు చాలు. శాట్ స్కోర్లను, అలాంటిదే అయిన యాక్ట్ పరీక్ష స్కోర్లను ప్రవేశాల్లో పక్కన పెట్టాలని యూసీ పాలక మండలి సభ్యులైన రీజెంట్లు 2020 మేలో తీర్మానించారు, క్యాల్ స్టేట్ 2022లో అదే చేసింది. 1500 కాదు, 1600 వచ్చినా సీటు నిర్ణయించేటప్పుడు యూసీ ఆ అంకెను చూడదు. ఎంఐటీ, క్యాల్‌టెక్ లాంటివి మళ్లీ అడుగుతున్నాయి కాబట్టి అటు వెళ్లదలచినవారు రాసుకోవచ్చు. ఒక్క పరీక్ష ర్యాంకుతో అంతా తేలిపోయే పద్ధతిలో పెరిగిన మనకు ఇది మింగుడు పడకపోవడం సహజమే.

చివరిగా, సీటు వచ్చాక పన్నెండో తరగతి. మార్చిలో వచ్చే అడ్మిషన్ షరతులతో కూడినది. దరఖాస్తులో రాసిన పన్నెండో తరగతి కోర్సులన్నీ పూర్తి చేయాలి, ఒక్కదానిలోనూ డీ రాకూడదు, ఆ ఏడాది సగటు 3.0 తగ్గకూడదు. కోర్సు మార్చినా, మానేసినా క్యాంపస్‌కు తెలియజేయాలి. ఇంగ్లిష్ నాలుగో ఏడాది పన్నెండులోనే ఉంటుంది గనుక అక్కడ డీ పడితే షరతూ తప్పుతుంది, ఏ-జీ లెక్కా తప్పుతుంది. అధికారిక ట్రాన్‌స్క్రిప్టు జూలై 1 లోపు చేరాలి, గ్రేడ్లను దరఖాస్తులో రాసినవాటితో సరిచూసేది అప్పుడే. చివరి సెమిస్టరులో గ్రేడు జారుతోందని తెలిసిన రోజే క్యాంపస్ పోర్టల్‌లో రాసి, వేసవిలో మళ్లీ చదివితే ఒప్పుకుంటారా అని అడగండి. జూలైలో ట్రాన్‌స్క్రిప్టు చూసి వాళ్లే అడిగేదాకా ఆగితే, అప్పటికి వేసవి తరగతులు సగం అయిపోయి ఉంటాయి.