మాస్టారి బెల్టు

గుర్తుండిపోయే మాస్టారు అంటే ఎలా ఉండాలి అని అడిగితే అందరూ ఓపిక, పాండిత్యం, ప్రేమ అంటూ మొదలుపెడతారు. నాకు మాత్రం ముందు ఒక తోలు బెల్టు గుర్తొస్తుంది. కంగారు పడకండి, దాంతో ఆయన ఎవర్నీ కొట్టలేదు.

మేం పదో తరగతిలో ఉండగా సెప్టెంబర్ 5న బళ్ళో స్వపరిపాలన దినోత్సవం పెట్టారు. అంటే ఆ ఒక్కరోజూ మేమే టీచర్లం, కింది తరగతులకు పాఠాలు చెప్పాలి, అసలు టీచర్లు వెనక బెంచీలో కూర్చుని మార్కులేస్తారు. నాకు తెలుగు పడింది. ఎవరి పుట్టినరోజని ఈ పండగ చేస్తున్నామో ఆ రాధాకృష్ణన్ గారిదీ పంచెకట్టే, మా తెలుగు మాస్టారిదీ పంచెకట్టే, మరి నేను ప్యాంటేసుకుని వెళితే తెలుగు పరువేం కాను? తాతయ్య పంచె ఒకటి లాగాను. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన పంచె, అట్టముక్కలా ఉంది. కుచ్చిళ్ళు పోసి కట్టింది నాయనమ్మ. "నడిస్తే ఊడదు, పరిగెడితే నా పూచీ లేదు" అంది. చేతులు పైకెత్తితే సంగతేమిటో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు.

తొమ్మిదో తరగతికి పోతన పద్యం, "సిరికిం జెప్పడు", గణవిభజన చెయ్యాలి. మత్తేభం. స భ ర న మ య వ, పాదానికి 20 అక్షరాలు, 14వ అక్షరం యతి. రాత్రంతా బట్టీ పట్టాను కాబట్టి మొదటి పాదం బోర్డు పైభాగాన దర్జాగా రాసి, గురులఘువులు పెట్టుకుంటూ పోయి, "శంఖచక్ర" దగ్గరకొచ్చేసరికి 'క్ర' మీద గురువు పెట్టేశాను. గణాలు కుదరవే! అప్పుడే వెనక బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది. చూస్తే మాస్టారు.

"సార్, నాకో డౌటు సార్. ఒత్తు 'క్ర'కి ఉన్నా, బరువు మాత్రం ముందున్న 'చ' మీద పడుతుందని మా మాస్టారు చెప్పారండీ. ఆయన తప్పు చెప్పారంటారా?"

ఆయన నన్ను "సార్" అనడం అదే మొదలు, అదే ఆఖరు. చెమటలు పట్టేసి, గబగబా చెరుపుదామని డస్టరు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి చెయ్యి పైకెత్తాను. నడుం దగ్గర ఏదో మెల్లగా సెలవు తీసుకుంటున్నట్టు అనిపించింది. లోపల నిక్కరుందిలెండి, కానీ దాని వెనక అతుకు సంగతి మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు.

ఏనుగును కాపాడటానికి విష్ణుమూర్తి లక్ష్మీదేవికి చెప్పకుండా, శంఖచక్రాలు పట్టుకోకుండా పరిగెత్తాడనేగా ఆ పద్యం. మా మాస్టారూ అలాగే లేచారు. లేస్తూనే, "సార్, పిల్లలందరిచేతా కళ్ళు మూయించి పద్యం చెప్పించండి సార్, మా మాస్టారు రోజూ అలాగే చెప్పిస్తారు" అన్నారు. నిజమే, కళ్ళు మూసుకుంటేనే ఏనుగు కనబడుతుందని ఆయన సిద్ధాంతం. నలభై గొంతులు ఒక్కసారి ఎత్తుకున్నాయి. మొదటి బెంచీలో ఒకడు ఒంటికన్నుతో చూశాడనుకోండి, వాడికి ఆ తర్వాత వారం రోజులు జామకాయలు కొనిపెట్టాను.

రెండో పాదం అయ్యేలోపు మాస్టారు తన పంచె మీది బెల్టు తీసి నా నడుముకి చుట్టారు. నాది పుల్లలాంటి నడుము, చిల్లులేవీ అందవు. ఎవడిదో కంపాసు బాక్సులోంచి వృత్తలేఖిని తీసి దాని ముల్లుతో కొత్త చిల్లు పొడిచారు. నాలుగో పాదానికి నేను క్షేమం. మరి మాస్టారి పంచె? ఒక చేత్తో నడుం దగ్గర ముడి గట్టిగా పట్టుకుని, ఏమీ జరగనట్టు వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు గారు తనిఖీకి వచ్చారు, అందరం లేచాం. మా మాస్టారు ఎప్పుడూ రెండు చేతులూ జోడించేవారు, ఆవేళ ఒంటిచేత్తోనే నమస్కారం.

"అదేమిటి మాస్టారూ, నడుం పట్టుకున్నారు?"

"పట్టేసిందండీ."

హెడ్మాస్టరు గారు పాపం, అటెండరు చేత అమృతాంజనం పంపించారు. మాస్టారు ఆ సీసా తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "క్ర మీద రాయి" అని వెళ్ళిపోయారు, ఇంకా ముడి పట్టుకునే.